‘చిన్న మరమ్మతు’ అంటే ఎంత చిన్నది? ప్లంబింగ్ నిబంధనలు రాసేవారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మీరు రాసే నిబంధనల మీద బతికేవాణ్ని నేను. లైసెన్సు ఉన్న ప్లంబర్‌ని, ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఈ ఉత్తరంలో నేను అడగబోయేది విని మా వాళ్లే కొందరు “వీడు మన పొట్ట కొడుతున్నాడ్రా” అని తిట్టుకోవచ్చు. తిట్టుకోనివ్వండి.

నా గొడవంతా ఒక్క మాటతోనే. “చిన్న మరమ్మతులకు లైసెన్సు అవసరం లేదు” అని రాస్తారు చూడండి, అందులో ‘చిన్న’ అనే మాటతో. ఎంత చిన్న? దేంతో కొలిస్తే చిన్న? ఆఫీసులో కూర్చుని చదివితే ఆ వాక్యంలో తప్పేమీ కనపడదు. బాత్రూంలో స్టూలెక్కి, చేతిలో పానా పట్టుకుని చదివితే తెలుస్తుంది.

ఒకాయన ఇంటికి వెళ్లాను, వేడినీళ్లు సరిగ్గా రావడం లేదంటే. గీజర్ కింద రిలీఫ్ వాల్వ్ ఉంటుంది, ఒత్తిడి ఎక్కువైతే నీళ్లు బయటికి వదిలేది. దాని నోటికి ఒక ఎండ్‌ప్లగ్, అంటే మరలున్న మూత, బిగించి ఉంది. ఇత్తడిది, కొత్తది, ఇంకా మెరుపు పోలేదు. తెల్ల టెఫ్లాన్ టేపు మర తిరిగే వైపే చుట్టాడు, అంచు ఒక్క పోగు కూడా బయటికి రాకుండా. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు కూడా అంత శుభ్రంగా చుట్టరు. “ఇది ఎవరు పెట్టారు సార్?” అన్నాను. “నేనేనండీ. రెండు నెలల నుంచి చుక్కలు చుక్కలుగా కారుతుంటే ఆపేశా. చిన్న పనే కదా” అన్నాడు, మెచ్చుకుంటానేమో అన్నట్టు చూస్తూ.

నేను ముందు వెళ్లి స్విచ్ ఆపేశాను. మాటలు తర్వాత.

ఆ వాల్వ్ కారిందంటే చెడిపోయిందనే కాదు, తన పని తాను చేస్తోందని కూడా కావచ్చు. 100 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే ఒకటిన్నర లీటర్ల దాకా ఉబ్బుతాయి. వెనక్కి పోకుండా నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటే ఆ ఒకటిన్నర లీటరు ఎక్కడికి పోవాలి? ఆ చుక్కలే అవి. ఇక నీళ్లు తగినంత కాగగానే హీటర్‌ని ఆపే థర్మోస్టాట్ చెడిపోయి హీటర్ ఆగకుండా కాగుతూనే ఉందనుకోండి. మూత పెట్టిన ట్యాంకులో ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు, కాగుతూనే ఉంటాయి. ట్యాంకు ఎక్కడో పట్టు తప్పిన క్షణంలో ఆ ఒత్తిడి పోతుంది, నీళ్లలో కొంత భాగం అక్కడికక్కడే ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దానికి 1,600 రెట్లు పైగా జాగా కావాలి. గోడలు ఇస్తాయా ఆ జాగా? అందుకే ఒత్తిడి, వేడి రెండూ చూసే వాల్వ్‌లను సాధారణంగా 99 డిగ్రీల దగ్గరో, పది బార్ల ఒత్తిడి దగ్గరో తెరుచుకునేలా చేస్తారు. ఈయన పెట్టిన అంగుళంలో సగం ప్లగ్గు ఆ దారినే మూసేసింది.

ఆయన తెలివితక్కువవాడేం కాదు. అంతకు నెల ముందు వంటింట్లో కుళాయి కారితే తనే వాషర్ మార్చుకున్నాడు. అది మంచి పనే, తప్పు లేదు. కుళాయి కారడం, వాల్వ్ కారడం, చూసేవాడికి రెండూ కారడమే. అదే పానా, అదే టేపు, అదే పావుగంట. మీ నిబంధన తీసి చూసుకుంటే రెండూ చిన్న మరమ్మతులే. ఆయన దాన్ని చదివాడు కూడా! ఫోన్‌లో తీసి నాకే చూపించాడు.

ఇంకోవైపు చూడండి. ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ కుళాయి కారుతోందని సంబంధిత ఆఫీసుకు ఫోన్ చేసింది, నేనే విప్పుకోవచ్చా అని అడగడానికి. “ప్లంబింగ్ పని ఏదైనా లైసెన్సు ఉన్నవాళ్లతోనే చేయించాలమ్మా” అని చెప్పి పెట్టేశారు. ఏదైనా! ఆవిడ పదకొండు రోజులు కుళాయి కింద బకెట్ పెట్టుకుని, రాత్రి చప్పుడుకి నిద్రపట్టక బకెట్‌లో గుడ్డ వేసుకుని గడిపింది. నేను వెళ్లాక పానా ఆవిడ చేతికే ఇచ్చాను. మెయిన్ కట్టేయమన్నాను, కుళాయి తెరిచి పైపులో మిగిలిన నీళ్లు పోనివ్వమన్నాను, తర్వాత స్పిండిల్, అంటే పిడితో పాటు తిరిగే లోపలి కడ్డీ, విప్పించాను. కిందినుంచి నల్ల వాషర్ ఊడి అరచేతిలో పడింది. మధ్యలో సీటింగ్ అచ్చు గుండ్రంగా గాడిలా దిగి ఉంది, ఒక పక్క రబ్బరు చీలిపోయి. “ఇంతేనా బాబూ?” అంది. ఇంతే అమ్మా.

ఈ రెండిళ్లలోనూ తప్పు వాళ్లది కాదు. ఒకరికి మీ మాట మరీ వదులుగా అందింది, ఇంకొకరికి మరీ బిగుతుగా అందింది.

పని ఎంత పెద్దది అన్నది అసలు కొలతే కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ అనే ఇళ్ల నిబంధనల పుస్తకంలో పర్మిట్ (ఆ పనికి ముందుగా తీసుకునే అనుమతి) అక్కర్లేని ప్లంబింగ్ పనులేవో ఉంటుంది. పైపుల్లో కారుడు ఆపుకోవచ్చు, అడ్డుపడినవి తీసుకోవచ్చు. కమోడ్‌ని మొత్తం ఊడదీసి మళ్లీ అదే చోట కూర్చోబెట్టుకోవచ్చు కూడా, వాల్వులూ పైపులూ మార్చకుండా, జరపకుండా ఉంటే. కమోడ్ ఎత్తాలంటే నడుం పట్టేస్తుంది. ఆ పని చేసినవాడెవడూ దాన్ని చిన్నది అనడు. అయినా పర్మిట్ వద్దన్నారు. అదే చోట ఇంకో వాక్యం ఉంది: గోడలోనో నేల కిందో కనపడకుండా ఉన్న పైపో, ట్రాపో (వాసన రాకుండా నీళ్లు నిలిచే వంపు) పాడై, దాన్ని తీసి కొత్తది వేయాల్సి వస్తే అది మరమ్మతు కాదు, కొత్త పని, పర్మిట్ తీసుకోవాల్సిందే. ఇది రాసినవాళ్లకి నా దండం. కంటికి కనపడే చోట తప్పు చేస్తే ఇల్లాలో, ఇంటాయనో ఆ సాయంత్రమే చూస్తారు, చాప తడుస్తుంది, అంతే. కాన్సీల్డ్ పైపులో తప్పు చేస్తే మూడేళ్ల తర్వాత పక్కింటివాడి గోడ ఉబ్బుతుంది. అప్పటికి చేసినవాడెక్కడో.

నా లెక్కలో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ పనిలో తప్పు జరిగితే అది ఈ గదిలోనే ఆగుతుందా, గడప దాటుతుందా?

గడప దాటడమంటే ఏమిటో మా పనిలో చదువుకున్న చరిత్ర చెబుతుంది. 1933లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరుగుతున్నప్పుడు రెండు హోటళ్లలో దిగినవాళ్లకి అమీబిక్ విరేచనాలు పట్టుకున్నాయి. జనం తిరిగి సొంత ఊళ్లకు వెళ్లిపోయాక బయటపడటం వల్ల మొదట ఎవరికీ అర్థం కాలేదు. వెయ్యిమందికి పైగా జబ్బుపడ్డారు, 98 మంది చనిపోయారు. పాత, లోపాల పైపుల వల్ల, తప్పుగా కలిపిన కనెక్షన్ల వల్ల మురుగు తాగేనీళ్లలోకి చేరిందని తేలింది. ఆ కనెక్షన్ ఇచ్చిన రోజున అదెవరికో చిన్న పనే అయ్యుంటుంది.

2003లో సార్స్ వచ్చినప్పుడు హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే అపార్ట్‌మెంట్లలో 300 మందికి పైగా ఆ జబ్బు సోకింది. బాత్రూం నేలలో ఉండే నహానీ ట్రాపుల్లో నీళ్లు ఎండిపోయి ఉన్నాయి. నేలని కడగడం మానేసి తుడవడం అలవాటైంది కాబట్టి ఆ వంపులోకి నీళ్లు చేరలేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినప్పుడల్లా మురుగు పైపులోని గాలి ఇంట్లోకి వచ్చింది. మనకీ మురుగు పైపుకీ మధ్య ఉన్న కాపలా ఆ వంపులో నిలిచే రెండంగుళాల నీళ్లే. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు పేటెంటు తీసుకున్న వంపు అది. (గడియారాలు చేసేవాడికి మా పని ఎందుకు తట్టిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.) వాసన వస్తోందని వెంట్ పైపుకి, అంటే మురుగు పైపుకి గాలి అందించే గొట్టానికి, మూత పెట్టేస్తే, పై అంతస్తు వాళ్లు ఫ్లష్ కొట్టిన ఊపుకి కింది వాళ్ల ట్రాపుల్లోని నీళ్లు లాగేసుకుపోవచ్చు. మూత పెట్టినవాడికి వాసన పోయింది, ఆయన దృష్టిలో పని సక్సెస్.

తోటకి మందు కలిపిన బకెట్‌లో పైపు చివర ముంచి, కుళాయి తిప్పి వదిలేసే అలవాటు చాలామందికి ఉంది. అదే సమయానికి వీధిలో ఫైరింజన్ మెయిన్ లైన్ నుంచి నీళ్లు లాగిందంటే లైన్‌లో ఒత్తిడి పడిపోయి ఆ బకెట్‌లోది వెనక్కి పీల్చుకుంటుంది. దీనికి విరుగుడు గాలి సందు. కుళాయి మూతికీ కింద నిలిచే నీళ్లకీ మధ్య, మూతి వెడల్పుకి కనీసం రెండింతల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ చెడగొట్టే పని ఏదైనా, మెయిన్ లైన్‌ని తాకే పని ఏదైనా సొంత పని కాదు. అది వీధి అందరి పని.

గ్యాస్ గురించి ఎక్కువ చెప్పను, అక్కడ చాలా దేశాల్లో నిబంధన స్పష్టంగానే ఉంది. 1937లో టెక్సాస్‌లోని న్యూ లండన్‌లో బడి పేలి దాదాపు 300 మంది, ఎక్కువగా పిల్లలు, పోయారు. ఆ గ్యాస్‌కి వాసన లేదు. ఆ తర్వాతే వాసన కలపడం తప్పనిసరి చేశారు. కానీ గ్యాస్ గీజర్ పొగగొట్టం సరిగ్గా లేకపోతే ఇంట్లో చేరే కార్బన్ మోనాక్సైడ్‌కి ఈనాటికీ వాసనా లేదు, రంగూ లేదు. పొగగొట్టం జరిపి బిగించడం మా కుర్రాడికి పది నిమిషాల పని. నేను చూడకుండా వాణ్ని ముట్టుకోనివ్వను.

మీలాంటివాళ్లే కొన్నిచోట్ల ఈ గీతని బాగా గీశారు. ఆస్ట్రేలియాలో ప్లంబింగ్ అంటే మొత్తం లైసెన్సు పనే అన్నంత గట్టిగా ఉంటారు. అయినా క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రం ఎవరైనా చేసుకోదగ్గవాటిని పేరు పెట్టి రాసింది: కుళాయి వాషర్, షవర్ హెడ్, ఫ్లష్ ట్యాంకులో ఫ్లోట్ వాల్వ్ వాషర్. చూశారా, ‘చిన్న’ అని రాయలేదు, ‘వాషర్’ అని రాశారు. వాషర్ ఏదో అందరికీ తెలుసు. బ్రిటన్‌లో డబ్బు తీసుకుని గ్యాస్ పని చేసేవాడు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉండాలి. 2009 నుంచి ఇదే పద్ధతి. వాళ్లకిచ్చే గుర్తింపు కార్డు వెనక్కి తిప్పితే ఆ మనిషి ఏయే పనులకు అర్హుడో రాసి ఉంటుంది. బాయిలర్ తెలిసినవాడికి పొయ్యి తెలుసని కాదు కదా. గుమ్మంలో నిలబెట్టి కార్డు తిప్పి చూపించమనే హక్కు ఇంటివాళ్లకుంది. మా కార్డులు కూడా అలా ఉంటే నాకు సంతోషం.

అసలు చిక్కుముడి వేరే ఉంది. లైసెన్సు మనిషికి, పర్మిట్ పనికి. ఈ రెండింటినీ జనం ఒకటే అనుకుంటారు. తప్పు వాళ్లదేం కాదు, మీ కాగితాల్లోనూ రెండూ ఒకే పేరాలో కలిసి ఉంటాయి. టెక్సాస్‌లో సొంతంగా కాపురం ఉంటున్న ఇంట్లో యజమాని తన పైపు పని తాను చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. దాంతో ఏమీ అక్కర్లేదనుకుంటారు, కానీ ఊరి పర్మిట్, తనిఖీ విడిగా ఉండొచ్చు. మసాచుసెట్స్‌లో ఇల్లు మీదే అయినా ప్లంబింగ్ పర్మిట్ మీ పేరు మీద ఇవ్వరు, లైసెన్సు ఉన్న ప్లంబర్ పేరు మీదే. ఒకే దేశం, రెండు రాష్ట్రాలు, రెండు దారులు. ఏది మంచిదని నేను వాదించను. ఇల్లు మారినవాడికి ఆ తేడా మొదటి రోజే తెలిసే దారి ఉండాలి, అంతే.

“సొంత ఇంటివారికి మినహాయింపు” అన్న మాటలో ఇంకో గొయ్యి ఉంది. అద్దెకుండేవాళ్లు అది తమకూ వర్తిస్తుందనుకుంటారు. అద్దెకిచ్చిన యజమాని తనకు వర్తిస్తుందనుకుంటాడు. మామూలుగా ఆ మినహాయింపు తాను ఉంటున్న ఇంటికే. అపార్ట్‌మెంట్‌లో నిలువుగా వెళ్లే ఉమ్మడి పైపు ఎవరి ఫ్లాట్‌లోంచి వెళ్లినా ఎవరి సొంతమూ కాదు. ఈ నాలుగు ముక్కలు కాగితం మీద పెడితే ఎన్ని గొడవలు తగ్గుతాయో, నాకు వచ్చే ఫోన్‌లు చూస్తే తెలుస్తుంది. నా దగ్గర పనిచేసే కుర్రాడు ఆ గొడవల టెన్షన్ భరించలేక ఫోన్ ఎత్తడమే మానేశాడు.

అర్ధరాత్రి పైపు పగిలితే? పర్మిట్ లేదని నీళ్లలో కూర్చోవాలా అని నన్ను అడిగినవాళ్లున్నారు, నిజంగానే. ఇందాక చెప్పిన కోడ్‌లోనే దీనికీ జవాబుంది: అత్యవసరమైతే ముందు పని చేసుకోండి, ఆఫీసు పనిచేసే తర్వాతి రోజుకల్లా దరఖాస్తు పెట్టండి. మీ దగ్గరా అలాంటి నియమం ఉంటే దాన్ని 47వ పేజీలో దాచకండి. లేకపోతే పెట్టండి. దానికి ముందుండాల్సిన మాట ఇంకోటుంది, మెయిన్ వాల్వ్ ఎక్కడుందో చూసుకోండి అని. దాన్ని కట్టేయడానికి ఏ లైసెన్సూ వద్దు. నేను వెళ్లే ఇళ్లలో సగం మందికి అది ఎక్కడుందో తెలియదు. తెలిసినచోట ఏళ్ల తరబడి తిప్పక బిగుసుకుపోయి ఉంటుంది.

ఇప్పుడు మా వాళ్ల సంగతి. మేమేం నీతిమంతులం కాదు. మీ మాట అస్పష్టంగా ఉండటం మాలో కొందరికి లాభం. వాషర్ మార్చడానికి వెళ్లి “ఇది మీరు ముట్టుకుంటే కేసవుతుంది” అని భయపెట్టేవాళ్లున్నారు. అంతకన్నా ఘోరం, లైసెన్సు అద్దెకిచ్చేవాళ్లు. పనిచేసేది ఒకడు, కాగితం మీద సంతకం ఇంకొకడిది. సంతకం పెట్టినవాడు ఆ గోడ కూడా చూసి ఉండడు. ఇంటివాళ్లు లైసెన్సు ఉన్నవాడితోనే చేయించామని నిశ్చింతగా ఉంటారు, రేపు నష్టం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు అడిగినప్పుడు కదా తెలిసేది. లైసెన్సు నంబర్ కొట్టగానే పేరు, ఫొటో వచ్చేలా పెట్టండి. గుమ్మంలో ఉన్నవాడూ ఫొటోలో ఉన్నవాడూ ఒకడేనో కాదో ఇంటివాళ్లే చూసుకుంటారు.

నేను అడిగేది ఒక్క పేజీ. చట్టం మార్చమని కాదు. చట్టంలో ఉన్నదాన్నే ఇంట్లో వాడే పేర్లతో ఒక పేజీలో రాయండి. వాషర్, షవర్ హెడ్, సింకు కింద కనపడే ట్రాపు తీసి శుభ్రం చేయడం, అడ్డు తీయడం, ఇలాంటివి మీ దగ్గర ఎవరికి వారు చేసుకోవచ్చంటే ఆ పేర్లే రాయండి. గీజర్ మార్చడం, రిలీఫ్ వాల్వ్‌ని ముట్టుకోవడం, గ్యాస్ లైన్, పొగగొట్టం, మెయిన్ కనెక్షన్, గోడలోని పైపు, వెంట్ పైపు లైసెన్సు ఉన్నవాళ్లకే అంటే వాటి పేర్లూ రాయండి. సొంతవాళ్లు చేసుకోవచ్చు గానీ పర్మిట్ కావాలనేవి ఏమైనా ఉంటే వాటిని విడిగా పెట్టండి. ‘చిన్న’, ‘సాధారణ’, ‘తగిన’, ఈ మూడు మాటలూ ఆ పేజీలోకి రానివ్వకండి. నీటి బిల్లు వెనక ఎలాగూ ఖాళీగానే ఉంటుంది, అక్కడ అచ్చువేయండి. పైపులూ కుళాయిలూ అమ్మే కౌంటర్ల దగ్గర అతికించండి. ఆ ఎండ్‌ప్లగ్ అమ్మినవాడు “దేనికి సార్?” అని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. అడగడానికి అతనికైనా ఏం తెలుసు పాపం.

రాసేముందు ఒకసారి పానా పట్టేవాళ్లని పిలవండి. ఆ పెద్దావిడని కూడా పిలవండి, ఇప్పుడు ఆవిడ తన వీధిలో అందరి కుళాయిలకీ వాషర్లు మారుస్తోంది. మీ పేజీ ఆవిడకి అర్థమైతే ఎవరికైనా అవుతుంది.

ఆ ఇత్తడి ప్లగ్గు విప్పి ఆయన్ని అడిగి తెచ్చుకున్నాను. నా టూల్‌బాక్స్‌లో పై అరలో ఉంది, టేపు ఇంకా ఊడలేదు. మీటింగ్ ఎప్పుడో చెప్పండి, పట్టుకొస్తాను.

ఇట్లు,
లైసెన్సు ఉన్న ఒక ప్లంబర్